పెళ్లికి వచ్చేవారికి నాన్న రాసిన కాగితం

వచ్చే నెలలో మా అమ్మాయి పెళ్లి. వెండి కుందులు ఎక్కడున్నాయోనని అటక మీది ట్రంకుపెట్టె దించి వెతుకుతుంటే, అడుగున పరిచిన పాత దినపత్రిక కింద ఒక కాగితం దొరికింది. నాలుగు మడతలు. మడత పడిన చోటల్లా చిరుగు పట్టింది. నీలం కార్బన్ అక్షరాలు చాలావరకు వెలిసిపోయాయి. అయినా ఒక్క అక్షరం చూడగానే నాన్న చేతిరాత అని తెలిసిపోయింది. పైన మధ్యలో ‘శ్రీరస్తు’. దాని కింద ‘నెల్లూరు విచ్చేసిన బంధుమిత్రులకు’ అని రాసి, రెండు గీతలు గీసి ఉన్నాయి.

పెట్టె అలాగే తెరిచి ఉంచి, నేల మీదే కూర్చుని చదివాను. అమ్మ వచ్చి ‘కుందులు దొరికాయా?’ అని అడిగి, నా చేతిలో ఉన్నది చూసి, మారు మాట లేకుండా తానూ పక్కన కూర్చుంది. కళ్లజోడు లేదు, చదవలేదు. ‘మూడో వరుసలో ఏముందో చదువు’ అంది. మూడో వరుసలో కారం దోశ ఉంది. అమ్మకు అది గుర్తుంది.

1987 మే నెలలో అక్క పెళ్లికి నాన్న తయారు చేసిన కాగితం అది. నాన్న ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. తెల్ల కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, ఒక్కసారికి అయిదు ప్రతులు వచ్చేలా బాల్‌పెన్నును గట్టిగా అదిమి రాసేవారు. మొదటి ప్రతిలో అక్షరం కాగితాన్ని చీల్చుకుపోతుందేమో అన్నట్టు ఉండేది. అయిదో ప్రతి నీడలా ఉండేది. పెళ్లికి ముందు మూడు రాత్రులు, భోజనాలు అయ్యాక, వరండాలో బల్బు కింద కూర్చుని అలా అరవై కాగితాలు రాశారు. స్పష్టంగా ఉన్నవి మగపెళ్లివారికి, నీడల్లా ఉన్నవి మన చుట్టాలకు. ఇంట్లో మిగిలింది అయిదో ప్రతే.

అందులో ముహూర్తం లేదు, వధూవరుల పేర్లు లేవు. అవన్నీ శుభలేఖలో ఉన్నాయి కదా. ఇందులో ఉన్నదల్లా ఊళ్లో ఎక్కడ ఏది బాగుంటుందన్న సంగతి. తెల్లవారుజామున కాఫీ ఏ వీధిలో తాగాలి, టిఫిను ఎక్కడ చేయాలి, ఒక పూట ఊళ్లో భోజనం చేయాలనిపిస్తే ఏ హోటలుకు వెళ్లాలి, ఎండకు తట్టుకోలేకపోతే నిమ్మకాయ సోడా ఎక్కడ దొరుకుతుంది, తిరుగు ప్రయాణంలో ఏ మిఠాయి కట్టించుకోవాలి. అన్నిటికన్నా కింద ఒక వరుస: ‘దారి తెలియకపోతే మా అబ్బాయిని అడగండి. వెంట వస్తాడు.’

ఆ అబ్బాయిని నేనే. అప్పుడు నాకు పదమూడేళ్లు.

‘పెళ్లిభోజనం అందరూ పెడతారు. ఊరుగాని ఊళ్లో చీకటితో లేచి కూర్చున్నవాడికి కాఫీ ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాడు కావాలి’ అనేవారు నాన్న. తాను కుర్రతనంలో ఎవరి పెళ్లికో దూరప్రాంతం వెళ్లి, తెల్లవారుజామున ఎవరినీ లేపలేక, కాఫీ కోసం ఊరంతా తిరిగి తలనొప్పితో విడిదికి వచ్చి పడుకున్న రోజొకటి ఉందట. ఆ తలనొప్పిని ఆయన ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకున్నారు. మన ఇంటికి వచ్చినవారికి ఆ అవస్థ రాకూడదన్నది ఆయన పట్టుదల.

మగపెళ్లివారిది కాకినాడ. రైల్లో వచ్చి తెల్లవారకముందే నెల్లూరులో దిగారు. రంగనాయకులపేటలో, గుడికి దగ్గరగా ఉన్న ఒక సత్రంలో విడిది. వంటవాళ్లు ముందురోజు సాయంత్రమే వచ్చి పొయ్యిలు పేర్చారు, పెద్ద గంగాళంలో పాలు పోయించి పెట్టారు. మే నెలలో మా ఊరి వేడి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. రాత్రి పన్నెండు దాటాక కూడా గోడ మీద చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. ఆ వేడికి పాలు పొయ్యి మీద పెట్టగానే విరిగిపోయాయి. తెల్లటి ముక్కలు ఒకవైపు, పచ్చటి నీళ్లు ఒకవైపు. నలభై మంది వియ్యాలవారు ముఖాలు కడుక్కుని బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆడపెళ్లివారి మర్యాద మొదలయ్యేదే ఆ కాఫీతో. అమ్మ గంగాళం పక్కన నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న వంటవాళ్లను ఒక్క మాట అనలేదు. తువ్వాలు భుజం మీద సర్దుకుని పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లి, ‘రండి బావగారూ, నడక దూరమే. మా ఊరి కాఫీ తాగి వద్దాం’ అన్నారు. ముందునుంచీ అనుకున్న కార్యక్రమంలాగే అన్నారు. ఆడవాళ్లకూ పిల్లలకూ తేవడానికి నా చేతికి రెండు ఫ్లాస్కులు, ఒంగోలు నుంచి వచ్చిన మా చిన్నాయన చేతికి మూతగల పెద్ద స్టీలు క్యాను ఇచ్చారు.

ఇంకా వెలుగు రాలేదు. రంగనాథస్వామి గాలిగోపురం నల్లగా నిలబడి ఉంది. దాని వెనకనుంచి పెన్న మీది గాలి, ఆ పూటకు దొరికే ఒకే ఒక్క చల్లగాలి, వీధిలోకి వస్తోంది. వాకిళ్లలో కల్లాపి చల్లుతున్న చప్పుడు. సంతపేట మీదుగా ట్రంకు రోడ్డు వైపు పదిహేను మందిమి నడిచాం. ముందు నాన్న, ఆయన పక్కన మా బావ వాళ్ల తాతగారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. తెల్లటి పంచె, చేతికర్ర. వెనకనుంచి నేను ఆ కర్ర చప్పుడు వింటూ నడిచాను.

ఆ హోటలు ఇప్పుడు లేదు. ఆ చోట ఫోన్ల దుకాణం ఉంది. అయినా ఆ కాఫీ బల్ల నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. వాకిట్లోకి కనిపించేలా ఒక మూలన నడుమెత్తు ఇత్తడి ఫిల్టరు, కింద కుళాయి. చింతపండుతో తోమారేమో, లాంతరు వెలుగులో బంగారంలా ఉండేది. పై అరలో పొడి నింపి, సలసలా కాగే నీళ్లు పోసి, మూత పెట్టి వదిలేస్తే, డికాషను కింది అరలోకి చుక్కచుక్కగా దిగుతుంది. తొందరపడితే పలచగా వస్తుంది. మొదటిసారి దిగేదే అసలైన డికాషను. ఏడు దాటాక రద్దీ పెరిగితే అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తారు, ఆ రెండో డికాషను మొదటిదానిలో కలుస్తుంది. కాఫీ ప్రాణం తెలిసినవారు అందుకే ఆరు లోపు వస్తారు. నాన్న కాగితంలో మొదటి వరుస అదే: ‘కాఫీకి ఆరు లోపు వెళ్లవలెను.’ ‘వెళ్లవలెను’ కింద గీత కూడా ఉంది.

పక్కనే బొగ్గుల కుంపటి మీద వెడల్పాటి గిన్నెలో గేదెపాలు సన్నని సెగకు కాగుతూ ఉండేవి. మాస్టరు వరసగా పదిహేను గ్లాసులు పేర్చి, ఒక్కొక్కదానిలో చక్కెర వేసి, రెండు వేళ్ల మందాన డికాషను వంచి, గరిటెతో పాలు పోశాడు. ఆ తర్వాత గ్లాసు అందుకుని దబరా గిన్నెలోకి, దబరాలోంచి గ్లాసులోకి మూరెడు ఎత్తునుంచి తిరగబోశాడు. తీగలా సాగింది, చుక్క కింద పడలేదు. పైన నురగ బుడగలు బుడగలుగా లేచి, గ్లాసు అంచు దాటకుండా ఆగింది. కాలిన ఇటుక రంగు. వాసన ముక్కుకు కాదు, నేరుగా నుదుటికి తగిలినట్టుంది.

తాతగారు గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకున్నారు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. నాన్న ఆయన ముఖాన్నే చూస్తున్నారు. నేను నాన్న ముఖాన్ని చూస్తున్నాను. తాతగారు కళ్లు తెరిచి, ‘ఇంకొకటి చెప్పండి నాయనా’ అన్నారు. పెళ్లంతటిలో నాన్న భుజాలు దిగి, ఊపిరి పూర్తిగా వదలడం నేను చూసింది ఆ ఒక్కసారే. అక్క మెడలో మూడు ముళ్లు పడ్డప్పుడు కూడా అంత నిశ్చింతగా కనిపించలేదు.

మా ఊరికి ఈ కాఫీ ఎక్కడిదని తాతగారు దారిలో అడిగారు. నాన్న ఓపికగా చెప్పారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మాది మద్రాసు రాష్ట్రంలోని జిల్లానే. మద్రాసు ఇక్కడికి నూటడెబ్భై అయిదు కిలోమీటర్ల దూరం. కోర్టు పనికీ, సరుకు కొనడానికీ, చదువుకూ అందరూ అటే వెళ్లేవారు. పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగి వచ్చేవారు. వస్తూ వస్తూ ఫిల్టరు తెచ్చుకున్నారు, దబరా తెచ్చుకున్నారు, పొడిలో చికరీ ఎంత కలపాలో నేర్చుకుని వచ్చారు. మా ఇంట్లో కొట్టు దగ్గర నిలబడి గింజలు వేయించి పట్టించేవాళ్లం. ప్లాంటేషన్, పీబెర్రీ రకాల గింజలు సమపాళ్లలో, చికరీ నామమాత్రం. పొడి సంచి ఇంకా వెచ్చగా ఉండగానే ఇంటికి తేవాలి. ఆ సంచిని గుండెకు ఆనించుకుని సైకిలు తొక్కిన పొద్దులు నాకు ఎన్నో.

ఆ పూట ఫ్లాస్కులు మూడుసార్లు నింపుకొచ్చాం. మర్నాటి నుంచి తాతగారు నా కోసం చూడసాగారు. నాలుగున్నరకల్లా కర్ర చప్పుడు చేస్తూ వచ్చి, సత్రం వరండాలో చాప మీద పడుకున్న నా పాదం మీద మెల్లగా చెయ్యి వేసేవారు. ‘బాబూ, పద’ అనేవారు. అంతే.

మూడో వరుస కారం దోశ అని చెప్పాను కదా. నెల్లూరులో దోశ అంటే ఇదే మరి. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు కలిపి మెత్తగా నూరిన ఎర్రకారాన్ని, దోశ పెనం మీద సగం కాలాక అంచుల దాకా పూసి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి తిప్పి మడుస్తారు. పక్కన పచ్చడి, శనగపిండితో కాచిన బొంబాయి చట్నీ. గోదావరి జిల్లాలవారికి పెసరట్టు ఉప్మా అలవాటు. తాతగారు మొదట అదే అడిగారు. కుర్రవాళ్లు కారం దోశ చెప్పించుకుని, రెండో ముక్కకే కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. అయినా ఎవరూ విస్తరి వదిలి లేవలేదు. అక్క ఆడపడుచు ముక్కు తుడుచుకుంటూ మూడు తినింది. ఆమె ఇప్పుడు అమ్మమ్మ అయింది. ఏటా ఒకసారైనా అక్కకు ఫోను చేసి ఎర్రకారం కొలతలు అడుగుతుంది. కారం తగ్గించి వేయమంటే వేస్తారు కానీ, మొదటిసారి మాత్రం ఉన్నదున్నట్టు తినాలని నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను. నెయ్యి ఎక్కువ వేయించుకుంటే మంట తగ్గుతుంది. నీళ్లు తాగినా పెద్దగా తగ్గదు.

నాలుగో వరుసలో ‘భోజనానికి ట్రంకు రోడ్డులో కోమల విలాస్’ అని ఉంది. దాని గురించి నాన్న ఇంకేమీ రాయలేదు. పేరు చెబితే చాలనుకున్నారు. ఆ రోజుల్లో హోటలు ఏదైనా విస్తరి ముందు కూర్చున్నాక అన్నం చూసి పెద్దవాళ్లు ‘మొలగొలుకులా?’ అని అడిగేవారు. నెల్లూరు మొలగొలుకులంటే ఆ పేరు అటు మద్రాసు దాకా మోగేది. చలువ చేసినట్టు తెల్లగా, ముత్యాల్లా విడివిడిగా ఉండే అన్నం. ఇప్పుడు సన్నబియ్యాలు ఎన్నో రకాలు వచ్చాయి, మొలగొలుకులు పండించేవారు తగ్గిపోయారు. తలుచుకుంటే నిజంగా బాధగా ఉంటుంది. ఊరి పేరులోనే ‘నెల్లు’ ఉందని, తమిళంలో ఆ మాటకు వడ్లని అర్థమని చెప్పేవారున్నారు. మూలాపేటలో మూలస్థానేశ్వరుడు వెలసిన నెల్లి చెట్టు, అంటే ఉసిరి చెట్టు, పేరే ఊరికి వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు. నాన్న రెండో కథే నమ్మేవారు. ఏది నిజమైనా రెండూ తినేవే.

పెళ్లినాటి సాయంత్రం తాతగారు పెన్న చూపించమన్నారు. గుడి వెనక మెట్లు దిగాం. మే నెల కదా, ఎటు చూసినా ఇసుకే. నిండుగా పారే గోదావరిని పుట్టినప్పటినుంచీ చూసిన మనిషి చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయారు. ‘నీళ్లేవి బాబూ?’ అని అడిగారు. నాకు రోషం వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడాను. మోచేయి లోతు వెళ్లేసరికి ఇసుక తడిసింది, ఇంకాస్త తోడేసరికి అడుగున నీరు ఊరింది. మొదట బురదగా, చూస్తుండగానే తేటగా. చెలమ. తాతగారు వంగి, దోసిట్లో పట్టుకుని, నోట్లో పోసుకుని, పుక్కిలించి మింగారు. ‘ఇప్పుడు తెలిసింది మీ కాఫీ సంగతి’ అన్నారు. ఆ నీటికి తీపి ఉంది. ఇప్పుడు ఆ చోట చెలమ తీసి నీళ్లు తాగమని ఎవరికీ చెప్పలేను.

పెళ్లి అయిన మర్నాడు మా ఇంట్లో చేపల పులుసు. నెల్లూరు వచ్చి అది తినకుండా వెళ్లనిస్తే మన ఊరికే మాట వస్తుందని అమ్మ పట్టుబట్టింది. పెళ్లి హడావుడిలోనే, ముందురోజు రాత్రే వెడల్పాటి మట్టిచట్టిలో పులుసు కాచింది. కొరమీను ముక్కలు, చిక్కగా తీసిన చింతపండు రసం, పుల్లటి మామిడికాయ ముక్కలు, మెంతులు, నువ్వుల నూనె. గరిటె పెట్టి కలపకూడదు, ముక్క విరిగిపోతుంది. చట్టిని రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. దించాక మూత పెట్టి ఆ రాత్రంతా కదపకూడదు. తెల్లవారేసరికి పులుపు, కారం ముక్కలోకి దిగి, నూనె పైకి తేలి, పులుసు చిక్కబడుతుంది. ఆ పులుసు ఇడ్లీతో, దోశతో కూడా తింటాం. బావ వాళ్ల బాబాయిగారు పులస గురించి చెప్పడం మొదలుపెట్టారు. వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చే చేప, పుస్తెలమ్మైనా తినాలనే చేప. నాన్న శ్రద్ధగా విన్నారు. విని, ‘అది చేప గొప్పతనం బావగారూ. ఇది పులుసు గొప్పతనం’ అన్నారు. బాబాయిగారు ఇంకో ముద్ద కలుపుకుని, తల ఊపి ఒప్పుకున్నారు. బంధువులెవరైనా ఇప్పుడు నన్ను అడిగితే, భోజనాల హోటళ్లలో మధ్యాహ్నం వెళ్లి ‘పులుసు రాత్రి కాచిందేనా?’ అని అడిగి మరీ కూర్చోమంటాను. ఆ మాట అడిగితే వడ్డించేవారికి కూడా మనం తెలిసి వచ్చామని అర్థమవుతుంది, తల ముక్క మన విస్తట్లో పడుతుంది.

మిఠాయి దగ్గర మాత్రం నాన్నకు కొంచెం బెరుకు ఉండింది. వచ్చినవారు కాకినాడవాళ్లు. కొరికితే పాకం చిమ్మే గొట్టం కాజాను ఎరిగినవారికి మనం కాజా పెట్టడమా అని వెనకాడారు. చిన్నాయనేమో ఒంగోలు నుంచి అల్లూరయ్య మైసూరుపాకు పెట్టెలు తెచ్చి సిద్ధంగా ఉంచాడు. చివరికి నాన్న ధైర్యం చేసి మలై కాజాలు కట్టించారు. ఇది కరకరలాడదు. మెత్తగా, పాలమీగడ రుచితో, నాలుక మీద కరుగుతుంది. రైలు కదులుతుంటే తాతగారు కిటికీలోంచి పొట్లం చూపించి ఏదో అన్నారు. రైలు చప్పుడులో వినిపించలేదు. తర్వాత వచ్చిన ఉత్తరంలో ‘మీ కాజా విజయవాడ దాటకుండానే అయిపోయినది’ అని రాశారు. ఆ ఉత్తరాన్ని నాన్న ఆఫీసుకు తీసుకువెళ్లి అందరికీ చూపించారు.

ఇంకో సంగతి నాన్న కాగితంలో లేదు, అమ్మ మనసులో ఉంది. అంతకుముందు ఏడాది మొహరం రోజుల్లో అమ్మ రొట్టెల పండుగకు వెళ్లింది. బారాషహీద్ దర్గా పక్కన చెరువులో మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఒకామె దగ్గర పెళ్లి రొట్టె అందుకుంది. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు, తీరాక మళ్లీ ఏడాది తామూ వచ్చి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె. ఏ మతమని ఎవరూ అడగరు. అక్క పెళ్లయిన కొద్ది నెలలకే మళ్లీ ఆ పండుగ వచ్చింది. అమ్మ గోధుమరొట్టెలు కాల్చి, బట్టలో చుట్టుకుని వెళ్లి, ముక్కూ మొహం తెలియని ఒక తల్లి చేతిలో పెట్టి వచ్చింది. ఆవిడది ఏ ఊరని అడిగితే, ‘అడగలేదురా. ఏడుస్తోంది, పెట్టేశాను’ అంది. నిరుడు మా అమ్మాయి కోసం మా ఆవిడ అదే చెరువులో రొట్టె అందుకుంది.

ఇప్పుడు ఈ పెళ్లికి నేను కాగితం రాస్తున్నాను. ఫోనులో పంపితే సరిపోతుందని పిల్లలు అన్నారు. ఫోనులోనూ పంపుతాను, చేత్తోనూ రాస్తాను. నాన్న రాసిన తొమ్మిది వరుసల్లో నాలుగు మార్చవలసి వచ్చింది. కాఫీ హోటలు పోయింది, సోడా బండి పోయింది. అయితే మంచి కాఫీ ఊళ్లో పోలేదు. గత రెండు నెలలుగా రోజూ ఒక చోట తాగి చూశాను. ఎక్కడ పొడి రోజూ పట్టిస్తారో, ఎక్కడ దబరా ఇప్పటికీ ఇత్తడిదో, ఎక్కడ కాగితపు గ్లాసులో పోసి ఇస్తారో అన్నీ చూసి రాసుకున్నాను. కాగితపు గ్లాసులో పోసేవాటిని రాయలేదు. వేడి చేతికి తెలియాలి, కాఫీ సగం చేతితో తాగేది.

విజయవాడ వైపునుంచి కార్లలో వచ్చేవారు ఒంగోలులో ఆగి మైసూరుపాకు కొనుక్కోమని రాశాను. అక్కడినుంచి ఇంకో నూట ఇరవై కిలోమీటర్లు ప్రయాణం ఉంది కాబట్టి రెండు పొట్లాలు కొనుక్కోమన్నాను. పిల్లలతో వచ్చేవారికి మైపాడు సముద్రతీరం. పాతిక కిలోమీటర్లు, పొద్దు పొడిచేసరికి అక్కడుంటే తిరిగి వచ్చి టిఫినుకు అందుకోవచ్చు. చీరల మీద మనసున్నవారికి వెంకటగిరి. ఇంటికి గుర్తుగా ఏదైనా కావాలంటే ఉదయగిరి చెక్క చెంచాలు. నిమ్మకాయ సోడా ఎక్కడైనా తాగవచ్చని రాశాను. గూడూరు, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లున్న ప్రాంతంలో నిమ్మకాయకు వెతుక్కోనక్కరలేదు.

బావ కాకినాడ నుంచి నిన్న ఫోను చేశాడు. ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి. తాతగారు పోయి ముప్పై ఏళ్లయింది. ‘ఒరేయ్, మొదటి డికాషను ఆరు లోపే కదా?’ అని అడిగాడు. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు, కాగితం దొరికిందనీ చెప్పలేదు. ‘మీకెలా తెలుసు బావా?’ అన్నాను. ‘తాతయ్య చివరి రోజుల దాకా మా ఇంట్లో అదే నియమం. ఆరు దాటాక ఇస్తే, ఇది రెండోదని గ్లాసు పక్కన పెట్టేసేవారు’ అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. ఫోను అమ్మకిచ్చాను.

కాగితంలో చివరి వరుసను మాత్రం మార్చలేదు. ‘దారి తెలియకపోతే మా అబ్బాయిని అడగండి. వెంట వస్తాడు.’ మా అబ్బాయికి పదిహేనేళ్లు. సెలవు రోజున తొమ్మిదికి ముందు లేవడు. మొన్న ఆదివారం అయిదింటికి వాడి పాదం మీద చెయ్యి వేసి, ‘పద’ అన్నాను. ఎందుకని అడగలేదు. చెప్పులు వేసుకుని వచ్చాడు. విడిదినుంచి సంతపేట మీదుగా ఇద్దరం నడిచాం. మలుపుల దగ్గర గుర్తులు చెప్పాను. వాడు ఫోనులో రాసుకున్నాడు.

హోటలు అప్పుడే తలుపులు తీస్తున్నారు. బల్ల మీద ఇత్తడి ఫిల్టరు మూత మీద మాస్టరు చెయ్యి వేసి ఉంచాడు. మమ్మల్ని చూసి, ‘ఇప్పుడే నీళ్లు పోశాను. దిగనివ్వండి’ అన్నాడు. వాడు ఫోను జేబులో పెట్టుకుని, కుళాయికి దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు.